సాక్ష్యం వెనక్కి తీసుకున్న అయ్యగారు

ఏ ఇద్దరు పిల్లల్నీ ఒక్కలాగా చేయని దేవునికి స్తోత్రం. కుదురుగా కూర్చునే బిడ్డను ఇచ్చేదీ ఆయనే, కూర్చోలేని బిడ్డను ఇచ్చేదీ ఆయనే. మనం నోరు తెరవకముందే మన అక్కర ఎరిగినవాడు, ఏమని అడగాలో మనకు తోచనప్పుడు మన పక్కన ఒక మనిషిని నిలబెట్టేవాడు, ఆయనకే మహిమ. మా పక్కన ఆయన నిలబెట్టిన మనిషిని గురించి నాలుగు మాటలు రాస్తాను.

ఆ మనిషి మా పాస్టరుగారు. మేమంతా అయ్యగారు అనేవాళ్లం. పోయిన నెల ప్రభువు ఆయనను పిలుచుకున్నాడు. జ్ఞాపకార్థ కూడికలో ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఆయన ప్రార్థిస్తే జ్వరం దిగినవాళ్లు, తాగుడు మానినవాళ్లు, విడిపోదామనుకుని మళ్లీ కలిసినవాళ్లు. అన్నీ నిజాలే, వాటిలో చాలా వాటికి నేనూ సాక్షినే. మైకు నా దాకా వచ్చింది. "అయ్యగారు ఒకసారి అందరి ముందూ తప్పు చెప్పారు" అని మొదలుపెట్టాను. ముందు వరుసలో ఎవరో గట్టిగా దగ్గారు. వెనకాల భోజనాల వాళ్లు గిన్నెలు దించుతున్నారు. ఇంకా మాట్లాడాల్సినవాళ్లు ఉన్నారని మైకు చెయ్యి మారింది. అక్కడ ఆగిపోయిన మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

ఆయన ఎక్కడ పుట్టారో, ఎంతవరకు చదివారో నాకు సరిగ్గా తెలియదు. మాటను బట్టి సంగారెడ్డి వైపు అనుకునేవాళ్లం. నాకు తెలిసిందల్లా లింగంపల్లి దాటాక రోడ్డు పక్కనుండే రేకుల షెడ్డు, అందులో పరిచిన నీలం చాపలు, ఆ చివర ఒక చెక్క బల్ల, దాని వెనక పొట్టిగా, కొంచెం ముందుకు వంగి నిలబడే ఆయన. అప్పట్లో మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి అద్దాల ఆఫీసులు కడుతున్నారు. కంకర లారీలు ఆదివారమని చూసేవి కావు. లారీ వచ్చినప్పుడల్లా ప్రసంగం ఆగేది. ఆయన వేలు వాక్యం మీద అలాగే ఉంచి, లారీ పోయేదాకా దానివైపు చూసి, "పోనియ్యి, దాని పని అది చేస్తున్నది" అని, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. లేఖన గ్రంథాన్ని దుమ్ము పట్టకుండా మిఠాయి దుకాణం కవర్లో చుట్టి, మోపెడ్ ముందు బుట్టలో పెట్టుకుని తిరిగేవారు. షెడ్డు దగ్గర దిగగానే మొదట పిల్లలకు చేతులిచ్చేవారు, తరువాతే పెద్దలకు. పెద్దలు చెయ్యి చాచి ఆగాల్సిందే.

ఆయన ప్రార్థనలో కళ్లు మూసుకోరు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఈ సంగతి కనిపెట్టి ఆశ్చర్యపోయేవారు. వాళ్లు కనిపెట్టారంటే వాళ్లూ కళ్లు తెరిచారన్నమాట, ఆ సంగతి మాత్రం ఒప్పుకునేవారు కాదు. మా అత్త ఒకసారి మొహం మీదే అడిగింది. ఆమెది కర్నూలు పక్క పల్లె, నోట్లో మాట దాచుకోవడం రాదు.

"అయ్యగారూ, కండ్లు తెరుచుకోని ప్రార్థన చేస్తే మనసు యాడ నిలుస్తాది?"

"మీరందరు మూసిండ్రు గద పెద్దమ్మా. ఒక్కడన్న తెర్సి ఉండకుంటె గొర్రెపిల్ల లారీ కిందికి పోతది."

షెడ్డుకు తలుపు లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఇంకొక అలవాటు ఉండేది. ఎవరేం చెప్పినా, "కండ్లతోని చూసినవా, చెవులతోని విన్నవా?" అని అడిగేవారు. పక్కింటాయన మళ్లీ కల్లు దుకాణానికి పోతున్నాడట అని ఒకామె చెప్పబోతే, "చూసినవా, విన్నవా?" ఫలానా ఊళ్లో చనిపోయినవాడు లేచాడట అని ఇంకొకరు అంటే, "చూసినవా, విన్నవా?" విన్నాను అంటే తల ఊపి, "మంచిది, ఎవలన్న చూసినోళ్లు దొరికితె చెప్పు, ఇద్దరం పోయి చాయ్ తాగొద్దాం" అనేవారు. ఎవరినీ నొప్పించేవారు కాదు, కానీ ఆయన ముందు చాడీలు నిలిచేవి కావు. కొందరు ఆయనతో మాట్లాడటానికి వచ్చేముందు తాము చూసినవీ విన్నవీ వేరు చేసుకుని వచ్చేవారు. నేనూ అలా చేసేదాన్ని.

ఇప్పుడు మా షారోను సంగతి. మా ఆయన ఆ కొత్త భవనాల్లో ఏసీ పనులు చూసే సూపర్‌వైజరు. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. నల్లగండ్లలో రెండు గదుల కిరాయి ఇల్లు, మాతో అత్త. షారోను రెండో తరగతి. ఆ పిల్లకు అన్నం ముందు కూర్చోవడమంటే ఒక ముద్ద వంటింట్లో, ఒక ముద్ద గడప మీద, ఒక ముద్ద గోడెక్కి. పలక పోయేది, చెప్పు పోయేది, ఒకసారి వేసుకున్న స్వెట్టరే పోయింది. చెప్పిన మాట సగంలో ఉండగానే తలుపు దాటేసేది. తిడితే ఏడ్చేది, కొడితే ఇంకా ఏడ్చేది, కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ గోడెక్కేది. అప్పటికే రెండు బళ్లు మావల్ల కాదన్నాయి. మూడో బడి హెడ్‌మిస్ట్రెస్ మంచిదే కానీ ఖండితంగా చెప్పింది. ఈ ఏడాది పరీక్షల దాకా చూస్తాను, మార్పు లేకపోతే టీసీ తీసుకెళ్లండి, క్లాసులో మిగతా పిల్లలు కూడా ఉన్నారు కదా అంది. మేం పంపగలిగిన దూరంలో ఇంకో బడి లేదు. పిల్ల చదువు అక్కడ ఆగిపోతుందని నాకు భయంగా ఉండేది.

సంఘంలో ఎవరి మాట వాళ్లు చెప్పారు. ముద్దు ఎక్కువైంది అన్నారు. ఆడపిల్ల ఇలా ఉంటే రేపెలా అన్నారు. దురాత్మ అన్నవాళ్లూ ఉన్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పిల్లను మధ్యలో కూర్చోబెట్టి నూనె రాయమని సంఘపెద్ద ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన గోదావరి వైపు మనిషి, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. మనసులో కీడు లేదు. పిల్లను మధ్యలో కూర్చోబెట్టగలిగితే అసలు ఈ గొడవే ఉండేది కాదు కదా అని మా ఆయన నా చెవిలో అన్నాడు.

ఒక సాయంత్రం అయ్యగారు ఇంటికి వచ్చారు. ఆయన ఎవరింటికి వెళ్లినా, పిల్లలు పాలు తాగారా అని అడిగి, తాగారంటేనే చాయ్ తీసుకునేవారు. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అన్నారు.

"ప్రార్థన జరిగేటప్పుడు నేను మీ బిడ్డను చూస్తనే ఉన్న. కూసోవాలని అది ఎంత పాటుపడ్తదో మీకు తెల్వదు. రెండు చేతులతోని మోకాళ్లు అదిమి పట్టుకుంటది. పండ్లు కొరుక్కుంటది. ఇగ చాతకాక లేస్తది. పొగరున్నోళ్లు గట్ల కష్టపడరమ్మా."

"మరి దయ్యమంటున్నారు కదా అయ్యగారూ" అన్నాను.

"దయ్యం పట్టినోళ్లను నేను చూసిన. విన్నది గాదు, చూసిన. వాళ్లు నా చెయ్యి పట్టుకొని, అయ్యగారు నీ మోపెడ్ హారన్ కొట్టనా అని అడుగలే."

మా అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే ఏంది మరి?" అంది.

"నాకు తెల్వదు పెద్దమ్మా. తెల్వదు గనుకనే వచ్చిన. పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఒకామె సిటీల ఉన్నదట. ఇది మాత్రం విన్నదే. పోయి చూద్దాం."

నాకు తెలియదు అని బోధకుడి నోట వినడం అదే మొదటిసారి. అంతకుముందు నన్ను పెంచిన సంఘాల్లో ప్రతిదానికీ జవాబు ఉండేది. ఆ రోజు ఎందుకో ఆ మాటకే నా గుండె తేలికపడింది.

బస్సులో నలుగురు పెద్దవాళ్లం, షారోను. డాక్టరమ్మ గదిలో అడుగుపెట్టగానే పిల్ల బరువు తూచే మిషనెక్కి దిగి, మళ్లీ ఎక్కింది. డాక్టరమ్మ ఆపలేదు. అయ్యగారిని చూసి, "మీరు తాతగారా అండీ?" అని అడిగారు.

"పాస్టరునమ్మా. ప్రార్థన చేస్తె పోతదని చెప్పెతందుకు రాలే. మీరు చెప్పింది మా సంఘానికి అర్థం గాకుంటె, నేను చెప్పొచ్చని వచ్చిన."

ఆమె నవ్వి కుర్చీ చూపించారు. మొదటి రోజు మమ్మల్నే అడిగారు. ఎప్పుడు నడిచింది, ఎప్పుడు మాట్లాడింది, నిద్ర ఎలా, బడిలో ఎలా. ముందు చెవులూ కళ్లూ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. బడి టీచరు ఏమంటుందో ఆమె మాటల్లోనే కనుక్కున్నారు. తరువాతి రోజుల్లో పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని చెక్క ముక్కలు పేర్పించారు, బొమ్మలు చూపించి గుర్తుంచుకోమన్నారు, చుక్కలు కలిపించారు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అని ఆమె అడిగితే మేం మొహాలు చూసుకున్నాం. మా అత్త మాత్రం ఆలోచించకుండా మా ఆయన వైపు వేలు చూపించింది.

"వీడే గదమ్మా. బర్రెలు తోలుకురా పోరా అని పంపితే బర్రెలు ఇంటికొచ్చేవి, వీడు వచ్చేవాడు కాదు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయ్యగారు పైకప్పు చూశారు.

చివరికి డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఇది పొగరు కాదు, పెంపకంలో లోపం కాదు. ధ్యాస నిలపడంలో లోపం, దానితోపాటు ఒంట్లో నిలకడ లేకపోవడం. పుట్టుకతో వస్తుంది, చాలామంది పిల్లల్లో ఉంటుంది, ఎవరూ గుర్తుపట్టరు. నాకు అర్థం కాలేదని నా మొహంలో కనపడినట్టుంది. "మీరు ఆపరేటర్ కదండీ. మీ బోర్డు మీద లైన్లన్నీ ఒకేసారి మోగితే ఏది ఎత్తుతారు?" అని అడిగారు. "ఏదీ ఎత్తలేనండీ" అన్నాను. "మీ పాపకు పొద్దున్నించి పడుకునేదాకా అలా మోగుతూనే ఉంటాయండీ" అన్నారు. నేను అక్కడే ఏడ్చాను. కొట్టిన దెబ్బలు గుర్తొచ్చి కాదు, పిల్ల ఎంత అలసిపోయి ఉంటుందో మొదటిసారి అర్థమై.

పొద్దున టిఫిను తరువాత వేయమని ఒక మాత్ర రాశారు. అది ప్రతి దుకాణంలో దొరికేది కాదు. మాత్ర ఒక్కటే చాలదని, మేమూ పని చేయాలని చెప్పారు. ఒకసారి ఒక్క పనే చెప్పాలి. చేసిన వెంటనే మెచ్చుకోవాలి. లెక్కలు కాసిని చేయించి, లేచి తిరగనిచ్చి, మళ్లీ కూర్చోబెట్టాలి. నన్ను అడగకుండా మందు ఆపకండి అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు. తిరుగు బస్సులో అయ్యగారు ఇవన్నీ వేళ్ల మీద అప్పజెప్పుకుంటూ వచ్చారు.

రెండు నెలలకు ఇల్లు మారింది. పిల్ల మారలేదు, అదే పిల్ల, అదే నవ్వు. కానీ అన్నం పళ్లెం ముందు కూర్చుని సగం దాకా తినేది. చెప్పిన మాట చివరిదాకా వినేది. బడి నుంచి మంచి మాట ఒకటి మొదటిసారి మా ఇంటికొచ్చింది. అలాంటి ఒక ఆదివారం, సండే స్కూలు పిల్లలు కంఠతా చెప్పే రోజు, షారోను బల్ల పక్కన నిలబడింది. అంతకుముందు ఏడాది మూడో మాటకే దిగి బయటికి పరుగెత్తిన పిల్ల, ఆ రోజు చేతులు కట్టుకుని ఒక కీర్తన మొదటినుంచి చివరిదాకా చెప్పింది. మధ్యలో లారీ పోయింది. అయ్యగారిలాగే ఆగి, లారీ పోయాక అందుకుంది. షెడ్డంతా నవ్వింది.

అయ్యగారి కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "సంఘమా, చూసిండ్రా. ఈ బిడ్డను దేవుడు స్వస్థపరిచిండు. సంపూర్ణంగ స్వస్థపరిచిండు" అన్నారు. ఆమెన్ అని అందరూ అన్నారు. డోలక్ అందుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను. అంతకన్నా సంతోషమైన ఆదివారం నాకు గుర్తులేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున బోర్డు మీద లైను మోగింది. కంపెనీ పేరు చెప్పి గుడ్ మార్నింగ్ అన్నాను. అవతల హెడ్‌మిస్ట్రెస్. ఆమెకు కావలసింది నేనే.

పిల్ల డ్రాయింగ్ క్లాసులో లేచి గేటు దాటి వెళ్లిపోయింది. బడికి కొంచెం అవతల కొత్త రోడ్డు వేస్తున్నారు. ఎండకు, ఆగి ఉన్న రోడ్డు రోలరు నీడలో, రెండు చక్రాల మధ్య దూరి కంకర రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. డ్రైవరు చాయ్ తాగి వచ్చాడు. బండి ఎక్కేముందు చుట్టూ ఒకసారి చూసే అలవాటున్న మనిషిని దేవుడు ఆ రోజు ఆ బండి మీద ఉంచాడు. ఆయనకే స్తోత్రం. నేను వెళ్లేసరికి పిల్ల గౌను జేబు నిండా రాళ్లు. "మమ్మీ, ఇది మెరుస్తుంది చూడు" అంది.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను పక్కకు పిలిచింది. "సోమవారం వచ్చి టీసీ తీసుకోండమ్మా. నాకు ఈ భయం వద్దు" అంది.

ఇంటికి వచ్చి అత్తను అడిగాను. నేను పొద్దున్నే బయల్దేరతాను కాబట్టి మాత్ర వేసేది ఆమె.

"ఆ ఆదివారం నుంచి ఎయ్యలేదు" అంది, దాచకుండా.

"ఎందుకత్తా?"

"సాక్ష్యం అయిపోయె గదమ్మే. బాగైపాయె అని దేవుని సన్నిధిలో చెప్పినాక మాత్ర మింగిస్తే ఏమైతాది? నువ్వు చేసింది చాల్లేదు సామీ అని చెప్పినట్టు కాదా?"

మా సంఘాల్లో పెరిగినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. సాక్ష్యం చెప్పాక చక్కెర జబ్బు మాత్రలు కాలవలో పారేసినవాళ్లను నేను ఎరుగుదును. అది అత్త మొండితనం కాదు, భయభక్తులే. మనవరాలి కోసం ఉపవాసాలున్న మనిషి. అయ్యగారి దగ్గరికి వెళ్లాను.

ఆయన షెడ్డులో చాపలు దులుపుతున్నారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే అలవాటుగా, "చూసినవా, విన్నవా?" అన్నారు.

"చూశాను అయ్యగారూ. రోలరు చూశాను."

చాప కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయారు. అంతా విన్నారు. మా అత్త మాట కూడా చెప్పాను. తరువాత నన్ను కాదు, ఎదురుగా ఉన్న బల్లను అడిగినట్టు అడిగారు.

"స్వస్థత అని నేను చెప్పిన గద. చూసి చెప్పిన్నా, విని చెప్పిన్నా?"

మళ్లీ ఆయనే జవాబు చెప్పుకున్నారు.

"బిడ్డ కీర్తన చెప్పింది. అది చూసిన. మందు పని చేస్తున్నది. అది డాక్టరమ్మ చెప్తె విన్న. సంపూర్ణం అన్నది మాత్రం చూడలే, వినలే. సంతోషంల నేను కలిపిన. దేవుని పేరు మీద కలిపిన."

శనివారం సాయంత్రం సంఘపెద్దలను పిలిచారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు. గోదావరి పెద్దాయన బతిమాలాడినట్టు అన్నాడు.

"అయ్యగారండీ, విడిగా వాళ్లతో చెప్పేయండి, మందు వాడుకుంటారు. అందరి ముందూ సాక్ష్యం వెనక్కి తీసుకుంటే ఎలాగండీ? కొత్తవాళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. బయటివాళ్లు నవ్వరూ?"

"నవ్వనియ్యి. బిడ్డ రోలర్ కింద కూసున్ననాడు ఎవలు నవ్వలే."

"దేవుడి పేరు పోతుందండీ."

"ఆయన పేరు నా మాటతోని నిలబడ్తలేదు పెద్దాయనా. నా పేరే పోతది. పోనియ్యి."

మర్నాడు ఆదివారం ఆయన ఎత్తుకున్న వాక్యం గుడ్డివాని కళ్లు తెరిచిన సంగతి. ప్రభువు మొదటిసారి చెయ్యి పెట్టి, ఏమన్నా కనబడుతుందా అని అడిగాడు. మనుషులు కనబడుతున్నారు కానీ నడిచే చెట్లలాగా ఉన్నారు అన్నాడు ఆ మనిషి. అప్పుడు ప్రభువు రెండోసారి చెయ్యి పెట్టాడు. ఈ సంగతి మీద నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆయన చెప్పినట్టు ఎవరూ చెప్పలేదు.

"ఆ గుడ్డాయన మంచోడు. ఎదురుంగ ప్రభువే నిలబడి అడిగితె, మొహమాటానికి, మొత్తం కనబడ్తున్నది సామీ అనొచ్చు. ఊరంత చప్పట్లు కొడుతుండె. ఆయన మాత్రం బతుకంత చెట్లనే చూస్తుండె. సగమే కనబడ్తున్నది అని నిజం చెప్పిండు. ప్రభువు కోపం జేసిండా? మళ్ల చెయ్యి పెట్టిండు. సంఘమా, మొన్న నేను ఆ గుడ్డాయన లెక్క నిజం చెప్పలే. షారోను సంపూర్ణంగ స్వస్థపడ్డది అన్న. అది తప్పు. బిడ్డకు మందు నడుస్తున్నది, దేవుడు మందుతోని పని చేస్తున్నడు, ఇంక పని ఉన్నది. నా మాట పట్టుకొని బిడ్డకు మందు ఆపిండ్రు. బిడ్డ చావు దాక పోయి వచ్చింది. ఆపినోళ్ల తప్పు లేదు. చెప్పినోని తప్పు. ఆ సాక్ష్యం నేను వెనుకకు తీసుకుంటున్న. నన్ను క్షమించుండ్రి."

ఎవరూ ఆమెన్ అనలేదు. మా అత్త చెంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ముందు వరుసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వాళ్లు తరువాత చాలాకాలం రాలేదు. ఆయన ముగింపు ప్రార్థన మామూలుగానే చేసి, గుమ్మం దగ్గర నిలబడి, వెళ్లే పిల్లలందరికీ చేతులిచ్చారు.

సాయంత్రం మోపెడ్ మా ఇంటి ముందు ఆగింది. మా అత్త చాయ్ పెట్టలేదు. గడపలో కూర్చుని అంది.

"మీరే బాగైంది అంటిరి. మీరే కాలేదు అంటిరి. నేను ఎవుర్ని నమ్మాల?"

"నన్ను నమ్మకు పెద్దమ్మా, నేను తప్పుత. ఒక్క మాట అడుగుత, చెప్పు. అన్నం తినేముందు స్తోత్రం చెప్తవా లేదా?"

"చెప్పకుండా ముద్ద ఎత్తుతానా? అదేం మాట?"

"స్తోత్రం చెప్పినంక ఏం జేస్తవు?"

"తింటా."

"స్తోత్రం అయిపోయింది గద, ఇంక తింటె దేవుణ్ని నమ్మనట్టే అని పళ్లెం పక్కకు నూకి లేస్తవా?"

మా అత్త లేచి లోపలికి వెళ్లింది. చాయ్ గిన్నె చప్పుడు వినిపించింది. బయటికి వస్తూ, "పాప పాలు తాగింది లెండి, అడగొద్దు" అంది.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో మాత్రకు కూడా స్తోత్రం మొదలైంది. అత్త మాత్రను అరచేతిలో పెట్టుకుని, చేసినవాళ్లను, రాసిన డాక్టరమ్మను, అమ్మిన దుకాణందారును, దాన్ని తెచ్చిన కొడుకును పేరుపేరునా దీవించేది. షారోను నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి, "నాయనమ్మా, ఆమెన్ చెప్పు, ఆటో వచ్చింది" అనేది.

ఆ సోమవారమే అయ్యగారు మాతోపాటు బడికి వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్‌కు అప్పటికే అన్నీ తెలుసు, ఆ బడి టీచరొకామె మా సంఘమే.

"పాప బాగైపోయిందని మీరే చెప్పారట కదా" అందామె, కొంచెం ఎత్తిపొడుపుగా.

"చెప్పిన మేడం. నిన్న తప్పని గూడ చెప్పిన."

"అందరి ముందా?"

"అందరి ముంగట చెప్పింది అందరి ముంగటనే తీసుకోవాలె గద."

ఆమె పెన్ను మూత పెట్టి ఆయనను చూసింది. మా ఆయన అప్పుడు ధైర్యం చేసి, మందు ఆగిన సంగతి, మళ్లీ మొదలైన సంగతి, డాక్టరమ్మ క్లాసులో ఏమేం చేయమందో అన్నీ చెప్పాడు. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, మధ్యమధ్యలో బోర్డు తుడవమనో చాక్‌పీసులు తెమ్మనో లేపడం. ఆమె విన్నది. చివరికి, "ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చినవాళ్లెవరూ తప్పు మాదే అనలేదండీ" అని, పరీక్షల దాకా ఉంచుకుంటానంది. అయ్యగారు లేస్తూ, "గేటు గొళ్లెం జర మీదికి పెట్టించుండ్రి మేడం, అందరి పిల్లలకు మంచిది" అన్నారు. ఆమె ఆ మధ్యాహ్నమే పెట్టించిందట.

పరీక్షలు అయ్యాయి. షారోను మూడో తరగతికి వెళ్లింది. మార్కులు గొప్పవి కావు. మాకు అవే గొప్ప. ఆదివారం నేను స్తోత్రార్పణ కానుక వేసినప్పుడు సంఘంలో కొందరు అయ్యగారి వైపు చూశారు, ఇప్పుడేమంటారో అని. ఆయన షారోనును పిలిచి, తాను పక్కకు జరిగి, బల్ల దగ్గర చోటిచ్చారు. ఆ తరువాత ఏ మనిషి గురించీ ఆయన తానుగా సాక్ష్యం చెప్పింది నేను చూడలేదు, ఎవరిది వాళ్లనే అడిగేవారు.

"ఎట్లున్నది బిడ్డా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

షారోను ఒక కాలు మీద నిలబడి చెప్పింది.

"లెక్కల క్లాసులో కూర్చుంటున్నా. తెలుగు క్లాసులో కిటికీ చూస్తా."

"లెక్కలకు స్తోత్రం" అన్నారు అయ్యగారు. "తెలుగు కోసం ప్రార్థన చేద్దాం."

ఈసారి షెడ్డంతా ఆమెన్ అన్నది. మా అత్త అందరికన్నా గట్టిగా.

చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఆ ప్రార్థన ఇంకా అయిపోలేదు. ఈ పూట కూడా ఎక్కడో ఒక తల్లి, పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సంఘం ఏమంటుందోనని గుమ్మంలో ఆగి ఉంటుంది. ఒక నాయనమ్మ మాత్రను చేతిలో పెట్టుకుని, ఇది అవిశ్వాసమేమోనని వణుకుతూ ఉంటుంది. మోకాళ్లు అదిమి పట్టుకుని కూర్చోవాలని చూస్తున్న ఒక బిడ్డ ఉంటుంది. నాతో కలిసి వాళ్ల కోసం ఒక్క నిమిషం ప్రార్థించండి. తండ్రీ, ఆ బిడ్డను అర్థం చేసుకునే కళ్లు ఆ ఇంటికి ఇవ్వు. తెలియదు అని చెప్పగలిగే కాపరిని ఆ సంఘానికి ఇవ్వు. నువ్వు చేసినంతకు స్తోత్రం, ఇంకా చేయాల్సినదాని కోసం నీ చెయ్యి మళ్లీ చాపు. ఆమెన్.